మాచిపత్రికి సున్నా

ఆవిడ పోయిన సంగతి నాకు పాత పేపర్లో తెలిసింది. మా వీధి చివరి కొట్లో పునుగులు కట్టిచ్చిన కాగితం అది, వారం నాటిది. నూనె మరకల మధ్య ఆవిడ ఫొటో, దాని కింద నాలుగు వరుసలు. వృక్షశాస్త్ర అధ్యాపకురాలిగా పనిచేశారని ఉంది. పునుగులు పక్కన పెట్టి పత్రికాఫీసుకి ఉత్తరం రాశాను. ఆవిడ అధ్యాపకురాలు కాదు, లెక్చరర్ల కింద ల్యాబులో ప్రాక్టికల్స్ చేయించే డెమాన్‌స్ట్రేటరు. చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా డెమాన్‌స్ట్రేటరే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరూ ఇవ్వని హోదా పోయాక పేపర్లో ఇవ్వడం ఏం మర్యాద అని అడిగాను.

నాలుగు రోజులకి ఎవరో కుర్రాడు ఫోన్ చేశాడు.

"మీరు ఆవిడకి ఏమవుతారండీ?"

"నాకు సున్నా వేసిన మనిషి."

అతను నా పేరు అడిగి రాసుకున్నాడు. తర్వాత, "ఆధారం ఏదైనా ఉంటే పంపించండి సార్, సవరణ వేస్తాం" అని పెట్టేశాడు.

పేపరు సంగతులు ఆలస్యంగా తెలియడం ఆవిడకీ అలవాటే. బెజవాడలో మా కాలేజీ బోటనీ ల్యాబులో మొక్కల్ని పాత పేపర్ల మధ్య పరిచి, చెక్కల ప్రెస్సులో పెట్టి తాడుతో బిగించేది. రోజు విడిచి రోజు పేపర్లు మార్చాలి, లేకపోతే మొక్క బూజు పడుతుంది. మారుస్తూ ప్రతి కాగితమూ చదివేది. అందువల్ల లోకంలో ఏం జరిగినా ఆవిడకి పది రోజులు వెనగ్గా తెలిసేది. ఎలక్షన్లో ఎవరు గెలిచారో ఊరంతా మాట్లాడుకోవడం అయిపోయాక, ఎవరెవరు నామినేషన్ వేశారో ఆవిడ స్టాఫ్‌రూములో చెప్పేదని మా సీనియర్లు నవ్వుకునేవాళ్లు.

పొట్టి మనిషి. తెల్ల నేతచీర, కాళ్లకి మగపిల్లలు ఆటల్లో వేసుకునే కాన్వాసు బూట్లు. మెడలో రెండు ఉండేవి. సన్నటి గొలుసుకి శిలువ, నల్లతాడుకి భూతద్దం. మొక్క మీదికి వంగగానే రెండూ కలిసి ముందుకి జారేవి. చూడకుండా చెయ్యి వేసేది. శిలువ చేతికొస్తే మెల్లిగా వదిలేసి, రెండోదాన్ని అందుకునేది. పమిటకి పెట్టుకున్న పిన్నీసు పక్కనే ఒక గుండుసూది ఎప్పుడూ ఉండేది. పూరేకులు విడదీసి లెక్కపెట్టడానికి. చేతిలో నల్లగొడుగు. దాన్ని ఎండకీ వానకీ వేసుకోగా నేను చూడలేదు. దాని ములుకుతో మొక్కల్ని వేళ్లతో సహా పెకలించేది.

మొక్కల్ని ఆవిడ 'అది' అనేది కాదు. ఆయన, ఆవిడ, వీళ్లు. "ఈయన నీళ్లున్న చోటే ఉంటారు." "ఈవిడ సాయంత్రం నాలుగయితే ఆకులు ముడుచుకుంటారు." మమ్మల్ని మాత్రం 'నువ్వు' అనేది. ఇది నేను మొదటి వారమే గమనించాను. మనుషులకి లేని మర్యాద మొక్కలకెందుకని పక్కవాడితో అన్నాను. అది ఆవిడ చెవిన పడింది. "వాళ్లు ఎప్పుడూ ల్యాబుకి ఆలస్యంగా రాలేదు నాయనా" అంది. ఆ రోజు నేను పావుగంట ఆలస్యంగా వచ్చాను.

డిగ్రీ మొదటి ఏడు ఆగస్టులో మమ్మల్ని కొండపల్లి తీసుకెళ్లింది. అందరికీ కోట చూడాలని, బొమ్మలు కొనుక్కోవాలని. ఆవిడ కొండ సగం ఎక్కాక, గడ్డి ఏపుగా పెరిగిన వాలు దగ్గర ఆపేసింది. గొడుగుతో నేల మీద చాపంత చోటు గీసింది.

"ఇందులో ఎంతమంది ఉన్నారో చెప్పండి."

నేను ముందు వరసలో ఉన్నాను. "గడ్డి ఉందండి" అన్నాను.

"గడ్డి అనేవాళ్లు ఎవరూ లేరు. ఒక్కొక్కరూ ఒక్కొక్కరు. కూర్చుని చూడు."

గంటసేపు కూర్చోబెట్టింది. ఆ చాపంత చోట్లో పదిహేడుమంది తేలారు. నేను పదకొండు దగ్గర ఆగిపోయాను. ఎవరైనా ఆకు తుంచుకుని వెళ్లి "పేరేమిటండీ" అని అడిగితే చెప్పేది కాదు. "పేరు చివర్న. ముందు కాండం తడుము. నున్నగా ఉందా, గరుగ్గా ఉందా? ఆకు నలుపు. వాసన చూడు. వెనక్కి తిప్పు. అప్పుడు పేరు." పేరు ముందే చెబితే ఇక ఎవడూ మొక్క వంక చూడడని ఆవిడ నమ్మకం. కోట చూడకుండానే దిగి వచ్చాం. ఆ కోట నేను ఇప్పటికీ చూడలేదు. ఎందుకు చూడలేదని ఎవరైనా అడిగితే ఈ కథంతా చెప్తాను.

దసరా సెలవుల తర్వాత ఒక్కొక్కరూ పది హెర్బేరియం షీట్లు ఇవ్వాలి, షీటుకి రెండు మార్కులు. దళసరి కాగితం మీద ఎండబెట్టిన మొక్క, కింద కుడి మూల లేబుల్. లేబుల్‌కి అయిదు వరుసలు. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారు, నిర్ధారించినవారు. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ రాసినా అరమార్కు కొట్టేసేది. నేను 'సేకరించినవారు' అన్న చోట నా పేరు ముందు 'శ్రీ' అని రాశాను. పది షీట్ల మీదా రాశాను. పది అరమార్కులు పోయాయి. "ఇది పెళ్లి శుభలేఖ కాదు నాయనా" అని అందరి ముందూ అంది. మా ఇంటా వంటా నాకు ముందు కాలేజీ గుమ్మం తొక్కినవాళ్లు లేరు. నా పేరు ముందు శ్రీ పెట్టుకునే అవకాశం నాకు అదే మొదటిసారి. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. చెప్పినా మార్కులు వచ్చేవి కావు.

అసలు దెబ్బ అది కాదు. ఏడో షీటు.

దాని గురించి చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలి. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. మా అమ్మ రెండు గేదెల్ని పెట్టుకుని, పాలు పోసి నన్ను చదివించింది. ఏలూరు కాలవ గట్టు మీద మా ఇల్లు. గడ్డి కోసం తెల్లారేసరికి కొడవలి పట్టుకుని రైల్వే గూడ్స్‌షెడ్డు వెనక్కి వెళ్లేది. వినాయక చవితి ముందు రోజు మాత్రం వన్‌టౌన్ బజార్లో గోనెపట్టా పరుచుకుని పత్రి అమ్మేది. పూజకి ఇరవై ఒక్క రకాల ఆకులు కావాలి. అందులో మొదటిది మాచిపత్రి. అంతకుముందు ఊరవతల ఒక తోటలో మాచిపత్రి మడి ఉండేది, అమ్మ అక్కడ కోసుకొచ్చేది. ఆటోనగర్ పెరిగి ఆ తోట స్థలంలో లారీల షెడ్లు వేశాక, గూడ్స్‌షెడ్డు వెనక పట్టాల పక్కన అచ్చం అలాంటి ఆకే నడుముల దాకా పెరిగి కనిపించింది. వినాయకుడే చూపించాడనుకుంది. మూడేళ్లు అదే కోసి అమ్మింది. కొన్నవాళ్లెవరూ ఇదేమిటని అడగలేదు. కట్టలో కలిసి వచ్చిన ఆకుని విడిగా ఎవరు చూస్తారు.

ఆ ఏడు వానలు మొదలైన దగ్గర్నుంచి అమ్మ చేతుల మీద మచ్చలు లేచాయి. ముందు దురద, తర్వాత పొలుసులు, పుళ్లు. మెడ మీదికి, కంటిరెప్పల మీదికి పాకాయి. ముఖం దళసరెక్కి నల్లబడింది. గవర్నర్‌పేటలో ఒక లాయరుగారింటికి ఏళ్ల తరబడి పాలు పోసేది. ఒక రోజు ఆ ఇంటావిడ గిన్నె గుమ్మం బయట పెట్టి, తలుపు చాటునుంచి "రేపట్నుంచి వద్దులే" అంది. మర్నాటికి ఇంకో రెండిళ్లు మానేశాయి. పెద్దరోగం, అంటే కుష్టు, అన్న మాట మా ముందు ఎవరూ అనలేదు. కుళాయి దగ్గర అమ్మ బిందె పెడితే పక్కవాళ్లు తమ బిందెలు జరుపుకునేవాళ్లు. అంతే.

ఆసుపత్రికి వెళదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "డాక్టరు ఆ పేరు నోటంట అన్నాడంటే నేనిక బతకన్రా" అంది. తన కంచం, తన చెంబు వేరు పెట్టుకుంది. పక్క గేదెల పాకలో వేసుకుంది. దీపావళి వెళ్లాక గేదెల్ని అమ్మేసి, ఆ రోగం వాళ్లని ఉంచుకునే దొరల ఆసుపత్రి ఎక్కడో ఉందట, అక్కడికి పోతానని నిశ్చయం చేసుకుంది. "నేనిక్కడుంటే రేపు నీకు పిల్లనెవరిస్తారురా?" గేదెలకి బేరం కూడా వచ్చింది.

ఇవన్నీ మనసులో పెట్టుకుని నేను ల్యాబులో నిలబడ్డాను. ఆవిడ ఏడో షీటు ఎత్తి పట్టుకుంది. అది అమ్మ పత్రి బుట్టలోంచి తీసిన కొమ్మ.

"ఇదెవరు?"

"మాచిపత్రి అండి."

"ఆకు నలిపి వాసన చూశావా?"

"చూడక్కర్లేదండి. మా అమ్మ ఊరంతటికీ అమ్మింది."

వెనక ఎవడో నవ్వాడు. వాడి పేరు నాకు గుర్తుంది.

"మీ అమ్మగారు అమ్మారు. నువ్వు చూశావా అని."

"మాచిపత్రేనండి."

"కాదు. మాచిపత్రి ఆకు వెనక తెల్లగా నూగు ఉంటుంది. ఈయనకి లేదు."

"మరి ఇదేమిటండి?"

ఆవిడ షీటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. భూతద్దం పెట్టి, నూకల్లాంటి ఆ తెల్లపూలని గుండుసూదితో కదిపి చాలాసేపు చూసింది. బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసి తిరగేసింది. మూసేసింది.

"నాకు తెలీదు" అంది. అని, ఎర్రపెన్సిలుతో షీటు మూల సున్నా చుట్టింది.

నేను ఆ రాత్రే ప్రిన్సిపాల్ గారికి ఫిర్యాదు రాశాను. మొదటి వాక్యం ఇప్పటికీ కంఠతా వచ్చు. 'తనకే పేరు తెలియని మొక్కకు డెమాన్‌స్ట్రేటరు గారు సున్నా వేయుట అన్యాయము.' మూడో రోజు ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. ప్రిన్సిపాల్ గారు కాగితం ఆవిడ వైపు జరిపారు.

"ఏమ్మా, ఈ కుర్రాడు రాసింది నిజమేనా?"

ఆవిడ మొత్తం చదివింది. "నిజమేనండి. పేరు నాకు తెలీదు."

"అయితే ఆ రెండు మార్కులూ వేసి పారెయ్యండి. గొడవ వదిలిపోతుంది."

"వెయ్యనండి. ఎదురుగా వచ్చే మనిషి ఎవరో నాకు తెలీకపోవచ్చు. మా నాన్నగారు కాదని మాత్రం తెలుస్తుంది కదండీ."

ప్రిన్సిపాల్ గారు పెద్దగా నవ్వారు. నేను నవ్వలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటావా అని అడిగారు. తీసుకోనన్నాను. "ఉంచండి సార్, తప్పేం రాయలేదు" అని ఆవిడే అంది. అది ఇంకా కోపం తెప్పించింది.

వరండాలోకి రాగానే అడిగింది. "ఎక్కడ కోశావు?"

"గూడ్స్‌షెడ్డు వెనక. మా అమ్మ కోసింది."

"ఆదివారం చర్చి అయ్యాక వస్తాను. మీ అమ్మగారిని ఇంట్లో ఉండమను."

"వద్దండి."

"ఎందుకు?"

నేను క్లాసు వైపు నడిచాను. ఆవిడ ఇంకోసారి అడగలేదు. ఆదివారం పదకొండింటికి, గొడుగు మూసి చేత్తో పట్టుకుని, ఎండలో కాలవ గట్టు మీద నడుచుకుంటూ వచ్చింది.

అమ్మ గేదెల పాకలోంచి బయటికి రాలేదు. ఆవిడే లోపలికి వెళ్లింది. బూట్లతో పేడలో అడుగు పెట్టి, గాటి ముందు ఆగింది. గడ్డి అంతా తినేసి గేదె ఒక పక్కకి తోసిపెట్టిన కొమ్మలున్నాయి. ఒకటి తీసి చూసింది.

"చూశావా? గేదెకి కూడా తెలిసింది" అంది నాతో.

ఆ మాట నేను రాసిపెట్టుకున్నాను.

అమ్మ కొంగు నిండా కప్పుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. "తెలీక అమ్మానమ్మగారూ" అంది. మార్కుల గొడవ తగువు దాకా వచ్చిందనుకుంది.

"నేనూ తెలీకే వచ్చానమ్మా. ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వండి."

"వద్దమ్మగారూ. మీరు ముట్టుకోకూడదు."

"ముట్టుకోకుండా నాకేదీ తెలీదండి. అలవాటు లేదు."

కొంగు కిందనుంచి ఆ చెయ్యి ఆవిడే తీసుకుంది. తన ఎడమ అరచేతిలో పెట్టుకుంది. మెడలోకి చెయ్యి పోనిచ్చింది, శిలువ వచ్చింది, వదిలేసి భూతద్దం అందుకుంది. ఆకుని ఎలా చూసేదో అలాగే చూసింది. తిప్పి చూసింది. వేళ్ల సందులు చూసింది. తడిమింది. నాలుగు నెలలుగా మా అమ్మ చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. నేను కూడా పట్టుకోలేదు. ఎవరెవరు ఎప్పుడు నాకు ఏం తక్కువ చేశారో అన్నీ గుర్తుపెట్టుకునే నాకు ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు.

"జాకెట్టు కింద ఉందా, వీపు మీద?"

"లేదమ్మగారూ. బయటికి కనబడే చోటల్లా ఉంది."

"ఎడమ చెయ్యి ఎక్కువుందే. గడ్డి ఏ చేత్తో పట్టుకుంటారు?"

"ఎడం చేత్తో పట్టుకుని కుడి చేత్తో కోస్తానండి."

ఆవిడ ఊ అంది. పమిట దగ్గరి గుండుసూది తీసి, మచ్చ మీద మెల్లగా ఆనించింది. "కళ్లు మూసుకోండి. ఇప్పుడు ఎక్కడ గుచ్చానో చెప్పండి." అమ్మ చెప్పింది. ఇంకో చోట. చెప్పింది. ఇంకో చోట. "అబ్బా" అంది అమ్మ.

ఆవిడ సూది తుడిచి జాగ్రత్తగా పమిటకి పెట్టుకుంది.

"నేను డాక్టర్ని కాదండి. మీరు భయపడుతున్నది అవునో కాదో ఆసుపత్రిలో వాళ్లు చెప్పాలి. నాకు తోచింది చెప్తాను. ఆ రోగమైతే మచ్చ మీద సూది తెలీదంటారు. మీకు తెలుస్తోంది. బట్ట ఉన్న చోట రాలేదు. గడ్డి పట్టుకున్న చేతికే ఎక్కువొచ్చింది. ఈ మొక్కాయన మీకు పడటం లేదేమో. నెల్లాళ్లు ఆయన జోలికి వెళ్లకండి."

"గడ్డెవరు కోస్తారమ్మగారూ?"

ఆవిడ నా వైపు చూసింది.

తర్వాత, ఎండలో వచ్చాను, మజ్జిగ ఉంటే ఇవ్వండమ్మా అంది. అమ్మ నా వంక చూసింది. నన్ను తెమ్మని. ఆవిడ "మీరే ఇవ్వండి" అంది. అమ్మ చేతుల్తో ఇచ్చిన గ్లాసు తాగి, ఇంకో గ్లాసు అడిగి తాగి, మూతి తుడుచుకుని, "ఉప్పు కాస్త ఎక్కువైందండి" అంది. అమ్మ నవ్వింది. చవితి తర్వాత మా అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు ఆసుపత్రికి ఆవిడే తీసుకెళ్లింది. రిక్షాలో అమ్మని పక్కన కూర్చోబెట్టుకుంది. అమ్మ ఎంత అంచుకి జరిగితే ఆవిడ అంత దగ్గరికి జరిగేది. వెనక సైకిలు మీద వస్తూ చూశాను. "పడిపోతారు, సరిగ్గా కూర్చోండి" అని రెండుసార్లు అనడం నాకు వినపడింది. పరీక్షలు చేశారు. ఆ రోగం కాదన్నారు. ఆ మాట డాక్టరు అన్నప్పుడు అమ్మ ఆయన మొహం చూడలేదు. ఆవిడ మొహం చూసింది. ఆవిడ అవునన్నట్టు తల ఊపాకే ఏడ్చింది.

నెల్లాళ్లు గడ్డి నేనే కోశాను, కాలవ గట్టుకి అవతలి వైపు. నెత్తిన మోపు పెట్టుకుని వస్తుంటే క్లాసువాళ్లు నలుగురు సైకిళ్ల మీద ఎదురొచ్చారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. ఒక్క మంచిమాట అనలేదు. "మోపులో ఎంతమంది ఉన్నారో చూశావా?" అనడిగింది. ఆవిడ ఆ ఆకు నలిపి తన మోచేతికీ రుద్దుకుని, రుమాలు కట్టుకుని మూడు రోజులు తిరిగింది. ఏమీ రాలేదు. "మీకేం కాలేదు కదండీ" అన్నాను, పట్టు దొరికిందని. "మీ అమ్మగారు నేను కాదు కదా" అంది. దీపావళికి అమ్మ రెప్పల మీది వాపు తగ్గింది. గేదెల బేరగాడు వస్తే ఇవ్వనని చెప్పి పంపించేసింది. సంక్రాంతి వెళ్లేసరికి ఎడమ చేతి మీద నల్లమచ్చలు మాత్రం మిగిలాయి.

అయితే మానేసిన ఇళ్లు వెంటనే తిరిగి రాలేదు. అప్పుడు ఆవిడ నన్నడక్కుండా ఒక పని చేసింది. స్టాఫ్‌రూములో టీకి పాలు మా అమ్మని పోయమంది. ఎవరో ఒకరి చేత పంపితే కుదరదు, తనే రావాలి, టీ వేళకే రావాలి అంది. పదకొండింటికి అమ్మ కేను పట్టుకుని కాలేజీ గేటులోంచి నడుచుకుంటూ, నా క్లాసు కిటికీ ముందునుంచి వెళ్లేది. నేను తల దించుకునేవాణ్ని. లెక్చరర్లందరి ముందూ పాలు కొలిచి పోసేది. ఆవిడ మొదటి గ్లాసు తను తీసుకుని నిలబడే తాగేదట. రెండు నెలలకి లాయరుగారింటావిడ కబురు పెట్టింది. అమ్మ వెళ్లి పోసింది. నేనైతే పోసేవాణ్ని కాదు. ఆ ఇంటి ముందునుంచి నేను ఇప్పటికీ నడవను.

పేరు వేసవికి ముందు వచ్చింది. ఆవిడ ఆ ఆదివారం మా గాటి దగ్గర తీసిన కొమ్మని ఎండబెట్టి, దేశంలో పెద్ద హెర్బేరియం ఉన్న ఊరికి పోస్టులో పంపింది. నెలల తర్వాత జవాబు. క్లాసులో నల్లబల్ల మీద ఇంగ్లీషులో రాసింది, కింద తెలుగులో రాసింది. పార్థీనియం. పడమటి దేశాలాయన, గోధుమలతో కలిసి ఓడలెక్కి వచ్చారంటున్నారు, గూడ్స్‌షెడ్డు దగ్గర దిగడంలో ఆశ్చర్యం లేదు, అంది. వయ్యారిభామ అన్న ముద్దుపేరు ఆయనకి ఇంకా రాలేదు అప్పటికి. నేను చెయ్యెత్తాను.

"ఇప్పుడు పేరు తెలిసింది కదండీ. సున్నా తీసేస్తారా?"

"నువ్వు రాసింది మాచిపత్రి" అంది ఆవిడ.

ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. గోధుమలతో వచ్చిందటే, అన్నాను. "తిండి వెంబడే వచ్చిందన్నమాట, మనలాగే" అంది అమ్మ. తర్వాతి చవితికి మళ్లీ బజార్లో గోనెపట్టా పరిచింది. కట్ట అడిగిన ప్రతి మనిషికీ ముందే చెప్పేది, "ఇరవయ్యే ఉన్నాయండి, మాచిపత్రి లేదు" అని. సగంమంది పక్క గోనెపట్టా దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు. అక్కడ ఇరవై ఒకటీ ఉండేవి. ఆవిడ మాత్రం చర్చికి వెళ్లే మనిషి, పూజ లేని మనిషి, వచ్చి ఒక కట్ట కొనుక్కెళ్లింది. ఆ ఇరవైమందినీ ల్యాబులో మా జూనియర్ల ముందు పరిచి పెట్టింది.

ఏటా కొండపల్లి మాత్రం వెళ్లేది. డిగ్రీ అయిపోయాక ఒకసారి బస్టాండులో కనబడితే, "ఎక్కారా అండీ కొండ?" అని అడిగాను. "నేను ఎక్కాను. మన గూడ్స్‌షెడ్డు ఆయన కూడా ఎక్కారు, మెట్ల దగ్గర ముగ్గురు కనిపించారు" అంది. గొడుగు ములుకుకి ఇంకా మట్టి ఉంది. అదే ఆఖరిసారి చూడటం. సున్నా సంగతి ఎత్తుదామనుకున్నాను, ఆవిడ బస్సు వచ్చేసింది.

పేపరు కుర్రాడు ఆధారం అడిగాడు కాబట్టి మొన్న కాలేజీకి వెళ్లాను. ఇన్నేళ్ల తర్వాత. ఆఫీసులో పాత కాగితాలు లేవన్నారు. బోటనీ డిపార్టుమెంటులో ఒక చిన్న లెక్చరరమ్మాయి ఉంది. హెర్బేరియం షీట్లయితే ఉన్నాయి సార్, ఆవిడ లేబుళ్ల మీద సంతకం కింద హోదా కూడా రాసేవారు అంది. ఇనప బీరువా తెరిచింది. కలరా ఉండల వాసన. "ఏ మొక్కది తీయమంటారు?" అంది. చెప్పాను.

నా ఏడో షీటే. దళసరి కాగితం పసుపెక్కింది. కొమ్మ చెక్కు చెదరలేదు, పూలు ఇంకా నూకల్లాగే ఉన్నాయి. మూల ఎర్రసున్నా అలాగే ఉంది. నా లేబుల్ తీసేసి కొత్తది అంటించి ఉంది. ఆవిడ గుండ్రటి రాత. మొక్క పేరు. దొరికిన చోటు, గూడ్స్‌షెడ్డు వెనక, పట్టాల పక్కన. తేదీ. ఆఖరి వరుసలో నిర్ధారించినవారు అని ఆవిడ సంతకం, కింద డెమాన్‌స్ట్రేటరు. నాకు కావలసిన ఆధారం దొరికింది.

నాలుగో వరుస చూశాను. నా పేరు లేదు. షీటు తెచ్చింది నేను, అంటించింది నేను, దాని కోసం ప్రిన్సిపాల్ దాకా వెళ్లింది నేను. ఆ అమ్మాయితో ఏదో అనబోయాను. అప్పుడు అక్కడున్న పేరు చదివాను.

'సేకరించినవారు: సీతారావమ్మ గారు.'

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. చదువు రాదు. అమ్మ పేరు రేషన్‌కార్డు మీద ఉండేది, ఓటర్ల జాబితాలో ఉండేది, ఆసుపత్రి చీటీ మీద ఉండేది. ఎక్కడా దాని చివర ఆ మాట లేదు. ఆ బీరువాలో ఇంకో నలభై, యాభై షీట్లు తీయించి చూశాను. లెక్చరర్లు తెచ్చినవి ఉన్నాయి, ఒకటి ప్రిన్సిపాల్ గారు తెచ్చింది కూడా ఉంది. వట్టి పేర్లే. ఒక్క లేబుల్ మీదే ఒక్క మాట ఎక్కువ.

"అరమార్కు పోతుంది" అన్నాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. కుర్చీ వేసి, మంచినీళ్లు తెచ్చిచ్చింది.

లేబుల్ ఫొటో తీయించి పేపరు వాళ్లకి పంపాను. వాళ్లు మాట నిలబెట్టుకుని సవరణ వేశారు. హోదా సరిగ్గానే వేశారు. ఆవిడ పేరు చివర మాత్రం గారు లేదు.

మళ్లీ రాశాను.